ఫ్లాట్ ఫ్రేముల కోసం ఇంట్లోనే లైట్ ప్యానెల్: కొలతల నుంచి పరీక్ష దాకా

"ఫ్లాట్లు తీశాను, అయినా ఫొటోలో మచ్చలు పోలేదు. పైగా కొత్తవి వచ్చాయి." చలికాలం మొదలైతే చాలు, టెలిస్కోపుతో ఆకాశం ఫొటోలు తీసేవాళ్లలో ఎవరో ఒకరి దగ్గర ఈ మాట వింటూనే ఉంటాను. ఫ్లాట్ అంటే టెలిస్కోపు మూతి ముందు సమానమైన వెలుతురు పెట్టి తీసే ఫ్రేము. దుమ్ము మచ్చలు, మూలల చీకటి అందులో పడతాయి, దాంతో అసలు ఫొటోను భాగిస్తే అవి పోవాలి. అడిగేవాళ్లు ఎక్కువగా హైదరాబాద్‌లో మేడ మీద నుంచి తీసేవాళ్లు, అమావాస్య చూసుకుని వికారాబాద్ వైపు వెళ్లేవాళ్లు. కొందరు తెల్ల టీషర్టు కప్పి తెల్లవారే ఆకాశాన్ని తీస్తారు, కొందరు ల్యాప్‌టాప్ తెర చూపిస్తారు. వాటితో ఒకసారి బాగా వస్తుంది, ఇంకోసారి రాదు. ప్రతిసారీ ఒకేలా రావాలంటే సొంత ప్యానెల్ ఉండాలి. రెండు సాయంత్రాల పని ఇది.

ప్యానెల్‌కు మూడు గుణాలు ఉంటే చాలు. వెలుతురు తక్కువగా ఉండాలి. నిలకడగా ఉండాలి, మిణుకు ఉండకూడదు. ఏ కోణం నుంచి చూసినా ఒకేలా కనిపించాలి.

మూడోదాన్నే చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు. ప్యానెల్ టెలిస్కోపు మూతికి ఆనుకుని ఉన్నప్పుడు సెన్సర్ మీది ప్రతి పిక్సెలూ దాదాపు ప్యానెల్ మొత్తాన్నీ చూస్తుంది. కాబట్టి ఒక మూల కాస్త మసకగా ఉన్నా పెద్ద నష్టం లేదు. కానీ ఎల్ఈడీ చుక్కలు నేరుగా కనిపిస్తుంటే, తల కాస్త పక్కకు జరిపినప్పుడు వెలుతురు మారుతుంటే, ఆ తేడా ఫ్లాట్‌లోకి ఎక్కుతుంది. అందుకే ఈ డిజైన్‌లో ఎల్ఈడీలను వెనక్కి తిప్పి పెడతాం. వెలుతురు ముందు తెల్ల గోడకు తగిలి, తర్వాతే బయటికి వస్తుంది.

1. ముందు కొలతలు

టెలిస్కోపు ట్యూబు లేదా డ్యూ షీల్డ్ (మంచు పట్టకుండా ముందు తొడిగే గొట్టం) బయటి వ్యాసం కొలవండి. స్కేలుతో సరిగ్గా రాదు. ట్యూబు చుట్టూ దారం చుట్టి, ఆ పొడవును 3.14తో భాగించండి. దారం 571 మి.మీ. వస్తే వ్యాసం సుమారు 182 మి.మీ. అన్నమాట.

ప్యానెల్‌లో వెలుతురు వచ్చే కిటికీ ఈ వ్యాసం కంటే 8-10 మి.మీ. పెద్దగా ఉండాలి. పెట్టె బయటి కొలత, కిటికీ కంటే 60 మి.మీ. పెద్దది.

ఆరంగుళాల న్యూటోనియన్‌కు (అద్దాల టెలిస్కోపు) సరిపోయే కొలతలు ఇస్తున్నాను. 80 మి.మీ. రిఫ్రాక్టర్‌కూ (లెన్సు టెలిస్కోపు) ఇదే పెట్టె పనికొస్తుంది. ఎనిమిదంగుళాల ట్యూబు అయితే పై లెక్క ప్రకారం పెంచుకోండి.

5 మి.మీ. తెల్ల సన్‌బోర్డు ముక్కలు (అన్నీ మి.మీ.లో):

- వెనక పలక: 250 × 250, ఒకటి
- గోడలు: 250 × 40, రెండు
- గోడలు: 240 × 40, రెండు
- ముందు చట్రం: 250 × 250, మధ్యలో 190 × 190 కిటికీ కోసినది, ఒకటి
- అంచు పట్టీలు: 250 × 15 రెండు, 220 × 15 ఒకటి

3 మి.మీ. మిల్కీ వైట్ యాక్రిలిక్:

- 220 × 220, ఒకటి
- 250 × 250, ఒకటి

కొలతలన్నీ కాగితం మీద గీసుకున్నాకే దుకాణానికి వెళ్లండి. అక్కడ నిలబడి లెక్కలు వేస్తే గోడల మందం మర్చిపోతాం. నా మొదటి పెట్టెలో రెండు గోడలు 10 మి.మీ. పొడవు ఎక్కువ వచ్చింది సరిగ్గా ఇందుకే.

2. సామాను ఎక్కడ, ఏమని అడగాలి

సన్‌బోర్డు, యాక్రిలిక్ రెండూ సైన్‌బోర్డులు చేసే దుకాణంలో దొరుకుతాయి. హైదరాబాద్‌లో అవి లేని బస్తీ లేదు. "గ్లో సైన్ బోర్డుకు వాడే మిల్కీ వైట్" అని అడగండి. పెద్ద షీటు కొనక్కర్లేదు. "అన్నా, కటింగ్ ముక్కలు ఏమన్నా ఉన్నాయా?" అంటే మూలన పెట్టిన కట్టలోంచి తీసిస్తారు. వాళ్ల దగ్గరే కొలతకు కోయించుకోండి. ఇంట్లో బ్లేడుతో కోసిన యాక్రిలిక్ అంచు సాధారణంగా వంకర పోతుంది.

కొనే ముందు ఒక చిన్న పరీక్ష. ఫోన్ టార్చి వెలిగించి షీటు వెనక రెండు అంగుళాల దూరంలో పట్టుకోండి. టార్చి చుక్క స్పష్టంగా కనిపిస్తే ఆ షీటు వద్దు. చుక్క కరిగిపోయి పాలవెలుగులా పరుచుకుంటే అదే మనకు కావాల్సింది. తెల్లగా కనిపించే ప్రతి యాక్రిలిక్కూ వెలుతురును ఇలా చెదరగొట్టదు.

ఎలక్ట్రానిక్స్ సామానంతా కోఠీ గుజరాతీ గల్లీలో ఒక్క చోటే దొరుకుతుంది. ఉస్మానియా మెడికల్ కాలేజీ మెట్రో స్టేషన్‌లో దిగి నడిచి వెళ్లొచ్చు, బండి పార్కింగ్ టెన్షన్ ఉండదు. జాబితా ఇది:

- 12 వోల్టుల తెల్ల ఎల్ఈడీ స్ట్రిప్, మీటరుకు 60 ఎల్ఈడీలు ఉన్నది, ఒక మీటరు
- ఎల్ఎం2596 బక్ కన్వర్టర్ మాడ్యూల్ (వోల్టేజీ తగ్గించేది)
- 5.5 × 2.1 మి.మీ. డీసీ జాక్
- చిన్న ఆన్-ఆఫ్ స్విచ్
- 1 ఆంపియర్ ఫ్యూజు, దాని హోల్డరు
- ఎరుపు, నలుపు సన్న వైరు చెరో రెండు మీటర్లు
- హీట్ ష్రింక్ స్లీవ్, నల్ల ఇన్సులేషన్ టేపు, డబుల్ టేపు

స్ట్రిప్ విషయంలో మూడు జాగ్రత్తలు. రంగులు మారే ఆర్‌జీబీ స్ట్రిప్ వద్దు. పైన సిలికాన్ పూత ఉన్న వాటర్‌ప్రూఫ్ రకం వద్దు, టంకం పెట్టడానికి ఆ పూత గీకడమే పెద్ద పని. మూడోది రంగు. చల్లని తెలుపు 6500 కెల్విన్ కంటే 4000 కెల్విన్ నేచురల్ వైట్ మంచిది.

దానికి కారణం ఉంది. తెల్ల ఎల్ఈడీ అంటే నిజానికి 450 నానోమీటర్ల దగ్గర వెలిగే నీలి ఎల్ఈడీ, దాని మీద పసుపు ఫాస్ఫర్ పూత. చల్లని తెలుపులో నీలం ఎక్కువ, ఎరుపు తక్కువ. నెబ్యులాల్లోని హైడ్రోజన్ ఇచ్చే ఎరుపు వెలుతురు, అంటే హైడ్రోజన్ ఆల్ఫా, 656.3 నానోమీటర్ల దగ్గర ఉంటుంది. దాన్ని మాత్రమే లోపలికి వదిలే ఫిల్టర్‌కు చల్లని తెలుపుతో ఫ్లాట్ తీస్తే ఎక్స్‌పోజర్ బాగా పెంచాల్సి వస్తుంది. నారోబ్యాండ్ (ఇలాంటి ఇరుకు ఫిల్టర్లతో) మాత్రమే తీసేవాళ్లు 3000 కెల్విన్ వార్మ్ వైట్ తీసుకున్నా మంచిదే.

ఏమీ తయారు చేసే ఓపిక లేనివాళ్లకు ఒక దారి ఉంది. పిల్లలు బొమ్మలు దిద్దడానికి వాడే ఏ4 ఎల్ఈడీ ట్రేసింగ్ ప్యాడ్ కొని, మధ్యలో తెల్ల కాగితాలు వేసి వాడుకోవచ్చు. అయితే దాన్ని ఫుల్ బ్రైట్‌నెస్‌లోనే ఉంచి, కాగితాలతో వెలుతురు తగ్గించాలి. చాలా ప్యాడ్లు డిమ్ చేసినప్పుడు వెలుతురును వేగంగా ఆపి వెలిగిస్తుంటాయి. ఆ మిణుకు ఫ్లాట్‌లో చారలుగా వస్తుంది.

3. పెట్టె కట్టడం

వెనక పలక మీద నాలుగు గోడలు నిలబెట్టండి. 250 మి.మీ. గోడలు ఎదురెదురుగా, వాటి మధ్యలో 240 మి.మీ. గోడలు. ఫెవిక్విక్ సన్నగా గీతలా వేసి, అర నిమిషం పట్టుకుంటే చాలు. మూల లంబంగా ఉందో లేదో పిల్లల జామెట్రీ బాక్సులోని సెట్‌స్క్వేర్‌తో చూసుకోండి.

లోపలి వైపంతా మ్యాట్ తెలుపు ఉండాలి. సన్‌బోర్డు మీద మెరుపు ఉంటే గోడలకు వేసే తెల్ల ఎమల్షన్ పెయింటు ఒక పూత వేయండి. పెయింటు లేకపోతే తెల్ల చార్టు పేపరు అతికించినా సరిపోతుంది. మెరిసే ఉపరితలం అద్దంలా ఎల్ఈడీల ప్రతిబింబాలు చూపిస్తుంది. అల్యూమినియం ఫాయిల్ అసలు వద్దు.

ముందు చట్రం ఇప్పుడే అతికించకండి. ముందు దాని వెనకవైపు స్ట్రిప్ రావాలి.

ఇంకొక్క మాట: యాక్రిలిక్ దగ్గర ఫెవిక్విక్ వాడొద్దు. ఆరేటప్పుడు వచ్చే ఆవిరి యాక్రిలిక్ మీద తెల్లటి బూడిద మచ్చలా పేరుకుంటుంది, తుడిస్తే సులువుగా పోదు. యాక్రిలిక్‌కు డబుల్ టేపే వాడండి. పెట్టె గోడలు అతికించిన రోజు కాకుండా మర్నాడు యాక్రిలిక్ బిగించడం ఇంకా మంచిది.

4. స్ట్రిప్ అతికించడం, వైరింగ్

మీటరుకు 60 ఎల్ఈడీల 12 వోల్టుల స్ట్రిప్‌ను ప్రతి 5 సెం.మీ.కు ఒకచోట కోయొచ్చు. అక్కడ రాగి బిళ్లలు రెండు పక్కపక్కన ఉంటాయి, మధ్యలో సన్న గీత, కొన్నింటి మీద కత్తెర గుర్తు. కత్తెర సరిగ్గా ఆ గీత మీదే పడాలి. ఒక మిల్లీమీటరు పక్కకు పోయినా ఒక ముక్కకు టంకం పెట్టడానికి బిళ్ల మిగలదు.

20 సెం.మీ. ముక్కలు నాలుగు కోయండి. ఒక్కో ముక్కకు 12 ఎల్ఈడీలు, మొత్తం 48. ముందు చట్రం వెనకవైపు, గోడకు, కిటికీకి మధ్యనున్న 25 మి.మీ. జాగాలో నాలుగు వైపులా అతికించండి. ఎల్ఈడీలు వెనక పలక వైపు చూడాలి. ఇదే ఈ పెట్టెకు ప్రాణం. కిటికీలోంచి తొంగి చూస్తే ఒక్క ఎల్ఈడీ కూడా నేరుగా కనిపించకూడదు.

నాలుగు ముక్కలకూ కరెంటు విడివిడిగా ఇవ్వండి. అంటే నాలుగు ప్లస్‌లు ఒకచోట, నాలుగు మైనస్‌లు ఒకచోట కలపాలి. ఒకదాని చివరి నుంచి ఇంకోదానికి ఇచ్చుకుంటూ పోయినా ఇంత చిన్న పొడవులో వెలుగుతుంది గానీ, ఒక టంకం వదులైతే తర్వాతి వైపులన్నీ ఆరిపోతాయి.

టంకం పెట్టేటప్పుడు వరుస ఇలా ఉండాలి. ముందు రాగి బిళ్ల మీద చిటికెడు టంకం కరిగించండి. వైరు కొనకు విడిగా టంకం పూయండి. తర్వాత వైరును బిళ్ల మీద ఆనించి సోల్డరింగ్ ఐరన్ తాకిస్తే రెండూ ఒక్క క్షణంలో కలిసిపోతాయి. ఐరన్‌ను రెండు మూడు సెకన్ల కంటే ఎక్కువ ఉంచితే బిళ్ల స్ట్రిప్ నుంచి ఊడి వస్తుంది. టంకం నున్నగా, చిన్న కొండలా మెరవాలి. ముద్దగా, బూడిద రంగులో ఉంటే మళ్లీ కరిగించండి.

చట్రం మూసే ముందు చూసుకోవాల్సినవి:

- నాలుగు ముక్కల్లో ప్లస్, మైనస్ ఒకే క్రమంలో ఉన్నాయా
- వైరు లాగితే టంకం కదలడం లేదు కదా
- వైర్లు కిటికీకి అడ్డం రావడం లేదు కదా
- గోడలో వైరు బయటికి వచ్చే రంధ్రం చేశారా

5. కరెంటు: కన్వర్టర్‌ను ముందే సెట్ చేయాలి

3528 రకం స్ట్రిప్ అయితే మీటరుకు 4.8 వాట్లు. మన 80 సెం.మీ.కు 12 వోల్టుల దగ్గర సుమారు 0.32 ఆంపియర్లు. టెలిస్కోపును మోసి తిప్పే మౌంటుకు వాడే 12 వోల్టుల బ్యాటరీకి ఇదొక లెక్క కాదు.

బ్యాటరీ ప్లస్ నుంచి ఫ్యూజు, తర్వాత స్విచ్, తర్వాత కన్వర్టర్ ఇన్‌పుట్. కన్వర్టర్ అవుట్‌పుట్ నుంచి స్ట్రిప్. ఇంతే సర్క్యూటు.

కన్వర్టర్ ఎందుకంటే, మామూలు ఎల్ఈడీ డిమ్మర్లు మిణుకుతోనే వెలుతురు తగ్గిస్తాయి. ఎల్ఎం2596 చిప్ 150 కిలోహెర్ట్జ్ దగ్గర పనిచేసి, అవుట్‌పుట్‌ను వడకట్టి స్థిరమైన వోల్టేజీ ఇస్తుంది. కెమెరాకు అది నిలకడైన వెలుతురే. రాత్రి గడిచేకొద్దీ బ్యాటరీ 13 నుంచి 11.5కు పడిపోయినా మన ప్యానెల్ వెలుతురు మారదు.

స్ట్రిప్ తగిలించక ముందే వోల్టేజీ సెట్ చేయండి. కొత్త మాడ్యూల్ ఎంత వోల్టేజీ మీద సెట్ అయి ఉందో చెప్పలేం. మల్టీమీటరును డీసీ 20 వోల్టుల మీద పెట్టి, అవుట్‌పుట్ చూస్తూ, నీలిరంగు డబ్బా మీది ఇత్తడి స్క్రూను తిప్పండి. చాలా చుట్లు తిప్పాల్సి వస్తుంది. మొదట ఏమీ మారనట్టు కనిపించినా ఆగొద్దు.

10 వోల్టుల దగ్గర ఆపండి. తర్వాత కావాలంటే 9.5కు దించుకోవచ్చు. ఇంకా కిందికి వద్దు. ఈ స్ట్రిప్‌లో మూడేసి ఎల్ఈడీలు వరుసగా ఉంటాయి, ఒక్కోదానికి సుమారు 3 వోల్టులు కావాలి. 9 వోల్టుల కిందికి వెళ్తే కొన్ని ముక్కలు వెలుగుతూ, కొన్ని మసకబారుతూ సమానత్వం పోతుంది.

సెట్ చేశాక ఆ స్క్రూ మీద హాట్ గ్లూ చుక్క వేయండి. బ్యాగులో రాపిడికి తిరగకుండా ఉంటుంది.

ప్లస్, మైనస్ తారుమారైతే మాడ్యూల్ కాలిపోతుంది. చీకట్లో చేత్తో తడిమి తగిలిస్తాం కాబట్టి జాక్ వాడమంటున్నాను, విడి వైర్లు వద్దు.

పవర్ బ్యాంకుతో చేస్తామని కొందరు అడుగుతారు. 5 వోల్టుల యూఎస్‌బీ స్ట్రిప్ కొంటే కుదురుతుంది. కానీ లాగే కరెంటు మరీ తక్కువైతే చాలా పవర్ బ్యాంకులు ఫోన్ చార్జింగ్ అయిపోయిందనుకుని వాటంతట అవే ఆగిపోతాయి. ఫ్లాట్ల మధ్యలో అలా ఆగితే సగం ఫ్రేములు నల్లగా ఉంటాయి.

6. వెలుతురు తగ్గించే పొరలు

చట్రం అతికించాక, దాని ముందు 220 మి.మీ. యాక్రిలిక్ పెట్టండి. మూడు వైపులా అంచు పట్టీలు అతికించండి, నాలుగో వైపు ఖాళీగా వదలండి. పట్టీల మీద 250 మి.మీ. యాక్రిలిక్‌ను డబుల్ టేపుతో బిగించండి. పట్టీ 5 మి.మీ., లోపలి యాక్రిలిక్ 3 మి.మీ. కాబట్టి మధ్యలో 2 మి.మీ. చీలిక మిగులుతుంది. కాగితాలు ఆ చీలికలోకి జారతాయి.

ఏ4 కాగితం వెడల్పు 210 మి.మీ. పొడవును 220కి కత్తిరిస్తే చీలికలో సరిగ్గా కూర్చుంటుంది. ముడతలు, ప్రింటు, గీతలు లేని కాగితాలే వాడండి. ఫిల్టర్ లేకుండా తీస్తే ఎన్ని కాగితాలు, హైడ్రోజన్ ఆల్ఫాకు ఎన్ని అనేది ఒకసారి తేల్చుకుని ప్యానెల్ వెనక మార్కర్‌తో రాసి పెట్టుకోండి.

మొదటిసారి తయారు చేసినవాళ్లందరికీ ఎదురయ్యేది వెలుతురు ఎక్కువ కావడమే. ఇంకా ఎల్ఈడీలు పెట్టాల్సిందేమో అని ఎవరూ బాధపడలేదు. ఎక్స్‌పోజర్ ఒక సెకను నుంచి మూడు సెకన్ల మధ్య వచ్చేదాకా కాగితాలు పెంచుకుంటూ పోండి. ఎక్స్‌పోజర్ మరీ చిన్నదైతే డీఎస్ఎల్ఆర్ షట్టర్ కదలిక నీడ ఫ్లాట్‌లో పడుతుంది. కొన్ని సీమాస్ కెమెరాలు కూడా అతి చిన్న ఎక్స్‌పోజర్లలో నమ్మకంగా ప్రవర్తించవు.

చివరగా బయటి కీళ్లన్నిటి మీద నల్ల టేపు వేయండి. ట్యూబు కూర్చునే గుండ్రటి జాగా చుట్టూ నాలుగు ఫోమ్ ముక్కలు అతికిస్తే ప్యానెల్ పక్కకు జారదు.

7. బయటికి తీసుకెళ్లే ముందు ఇంట్లో పరీక్ష

మిణుకు పరీక్ష: ఫోన్ కెమెరా ప్రో మోడ్‌లో షట్టర్ 1/2000 పెట్టి ప్యానెల్‌ను చూడండి. తెర మీద నల్ల చారలు పాకుతుంటే మిణుకు ఉన్నట్టే. బ్యాటరీ మీద చారలు లేకుండా, గోడ అడాప్టర్ మీద వస్తుంటే తప్పు అడాప్టర్‌ది. మన కరెంటు 50 హెర్ట్జ్, నాసిరకం అడాప్టర్‌లో సెకనుకు 100 సార్లు వెలుతురు ఊగుతుంది.

తిప్పుడు పరీక్ష: ఇది అసలైనది. చీకటి గదిలో టెలిస్కోపును నిట్టనిలువుగా పెట్టి, మూతి మీద ప్యానెల్ ఉంచి పది ఫ్లాట్లు తీయండి. ప్యానెల్‌ను మాత్రమే 90 డిగ్రీలు తిప్పి ఇంకో పది తీయండి. టెలిస్కోపు, కెమెరా, ఫోకస్ ఏదీ కదలకూడదు. ఆకాశం ఫొటోలు కలిపే సాఫ్ట్‌వేర్ సిరిల్‌లో రెండు సెట్లనూ విడివిడిగా స్టాక్ చేసి (ఒక్కో సెట్‌ను ఒక్క ఫ్రేముగా కలిపి), పిక్సెల్ మ్యాథ్‌తో ఒకదాన్ని ఇంకోదానితో భాగించండి.

ఫలితం చదునుగా బూడిద రంగులో ఉండాలి. నాలుగు మూలల్లో, మధ్యలో చిన్న పెట్టెలు గీసి మీడియన్ విలువలు చూడండి. తేడా ఒక శాతం లోపు ఉంటే నేను ఆ ప్యానెల్‌ను ఇంకేమీ ముట్టుకోను. అంతకంటే ఎక్కువుంటే ముందు కాగితాలు మార్చి చూడండి, తర్వాత ఏదైనా స్ట్రిప్ ముక్క వెలగడం లేదేమో చూడండి.

8. రాత్రి ఫ్లాట్లు తీసే వరుస

మొదటి ఏడాది డిసెంబరులో అనంతగిరి వైపు వెళ్లి ఒరాయన్ నెబ్యులా మీద నాలుగు గంటలు డేటా తీశాను. తెల్లవారుజామున వేళ్లు కొంకర్లు పోతుంటే, ఫ్లాట్లు ఇంటికెళ్లి తీద్దాం అనుకుని కెమెరా విప్పి బ్యాగులో పెట్టాను. మర్నాడు సాయంత్రం మళ్లీ బిగించి తీసిన ఫ్లాట్లు వేస్తే, ప్రతి దుమ్ము వలయం నాణెం మీది అచ్చులా పైకి లేచింది. ఒక అంచు నల్లగా, ఎదుటి అంచు తెల్లగా. కెమెరా కోణం కాస్త మారడమే కారణం. ఆ నాలుగు గంటలు తిరిగి రాలేదు.

అందుకే వరుస ఇది, దీన్ని మార్చొద్దు:

1. చివరి లైట్ ఫ్రేము (అసలు ఆకాశం ఫొటో, కింద "లైట్లు" అంటే ఇవే) అయ్యాక ఫోకస్, కెమెరా, ఫిల్టర్ దేన్నీ ముట్టుకోకండి.
2. టెలిస్కోపును నడినెత్తికి తిప్పి, ట్రాకింగ్ ఆపి, క్లచ్‌లు బిగించండి. ప్యానెల్ బరువుకు ట్యూబు వాలిపోకూడదు.
3. మంచు పడితే ప్యానెల్ తుడవండి. డ్యూ షీల్డ్ ఉంటే తీయకండి, లైట్లలో ఎలా ఉందో అలాగే ఉండాలి.
4. ముందు ప్యానెల్ మూతి మీద పెట్టి, నల్ల గుడ్డ కప్పి, ఆ తర్వాతే స్విచ్ వేయండి. పక్కన ఇంకొకరు ఫొటోలు తీస్తుంటారు, తెల్ల వెలుతురు ఒక్కసారిగా పడితే వాళ్ల కళ్లు, ఫ్రేములు రెండూ పాడవుతాయి.
5. రెండు మూడు నిమిషాలు వెలగనివ్వండి. ఎల్ఈడీలు వేడెక్కేకొద్దీ వెలుతురు కాస్త మారి తర్వాత నిలబడుతుంది.
6. లైట్లు తీసిన అదే ఐఎస్ఓ లేదా అదే గెయిన్, ఆఫ్‌సెట్ ఉంచండి.
7. హిస్టోగ్రామ్ శిఖరం ఎడమ నుంచి మూడో వంతుకు, సగానికి మధ్య వచ్చేలా ఎక్స్‌పోజర్ పెట్టండి. 65,535 దాకా కొలిచే కెమెరాల్లో అది 25,000-30,000 దగ్గర. రంగు కెమెరాలో మూడు చానెళ్లూ విడిగా చూడండి, ఏదీ కుడి అంచుకు కొట్టుకోకూడదు.
8. ఒక్కో ఫిల్టర్‌కు 25-30 ఫ్లాట్లు తీయండి.
9. ప్యానెల్ ఆపి, మూత పెట్టి, అదే ఎక్స్‌పోజర్‌తో అన్నే డార్క్ ఫ్లాట్లు తీయండి. తర్వాతే సామాను విప్పండి.

మేడ మీద న్యూటోనియన్‌తో తీసేవాళ్లకు ఒక ప్రత్యేక హెచ్చరిక. ట్యూబు వెనక భాగం, ప్రైమరీ అద్దం చుట్టూ ఖాళీలు ఉంటాయి. వీధి లైటు, ఎదురింటి బాల్కనీ లైటు వాటిలోంచి లోపలికి వస్తాయి. ముందు ఎంత మంచి ప్యానెల్ పెట్టినా వెనక నుంచి వచ్చే వెలుతురు ఫ్లాట్‌ను పాడు చేస్తుంది. నల్ల గుడ్డ సంచీ ఒకటి కుట్టించి వెనక తొడగండి. లైట్లు తీసేటప్పుడు కూడా అది ఉంటే ఇంకా మంచిది.

9. తేడా వస్తే ఎక్కడ చూడాలి

సాఫ్ట్‌వేర్‌లో జరిగేది చిన్న లెక్క. లైట్ నుంచి డార్క్ (మూత పెట్టి, లైట్ల ఎక్స్‌పోజర్‌తోనే తీసిన ఫ్రేము) తీసేసి, ఫ్లాట్ నుంచి డార్క్ ఫ్లాట్ తీసేసి, మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తుంది. ఈ లెక్క గుర్తుంటే తప్పు ఎక్కడుందో ఫొటోయే చెబుతుంది.

మూలలు ఇంకా చీకటిగానే ఉన్నాయి: ఫ్లాట్ల నుంచి డార్క్ ఫ్లాట్ గానీ బయాస్ (మూత పెట్టి అతి చిన్న ఎక్స్‌పోజర్‌తో తీసిన ఫ్రేము) గానీ తీసేయలేదు. దాంతో ఫ్లాట్ నిజానికంటే చదునుగా కనిపించి, సవరణ తక్కువైంది.

మూలలు మధ్య కంటే వెలుగుగా మారాయి: లైట్ల నుంచి డార్క్ తీసేయలేదు, లేదా డార్క్ వేరే గెయిన్, వేరే ఆఫ్‌సెట్‌తో తీసింది. చాలామంది ఇక్కడ ప్యానెల్‌ను అనుమానించి కొత్తది చేస్తారు. ముందు డార్కులు చూడండి.

దుమ్ము వలయాలు అచ్చులా లేచాయి: కెమెరా తిరిగింది, లేదా లైట్లకు, ఫ్లాట్లకు మధ్య దుమ్ము జరిగింది. ఆ డేటాకు ఫ్లాట్ వల్ల వచ్చే లాభం లేదు. తర్వాతి రాత్రికి జాగ్రత్త పడాలి.

అడ్డ చారలు: ఎక్స్‌పోజర్ చాలా చిన్నది. కాగితం పెంచండి.

ఫొటో మొత్తానికి వింత రంగు: రంగు కెమెరాలో ప్యానెల్ రంగు ఫొటోలోకి వచ్చింది. సిరిల్ క్యాలిబ్రేషన్‌లో ఈక్వలైజ్ సీఎఫ్ఏ అనే ఆప్షన్ ఆన్ చేస్తే చాలు.

వలయం ప్రతిసారీ అదే చోట కనిపిస్తుంటే ఆ దుమ్ము ఎక్కడుందో లెక్క కట్టి తుడవొచ్చు. వలయం వ్యాసాన్ని పిక్సెళ్లలో కొలిచి, పిక్సెల్ సైజుతో, ఎఫ్ నిష్పత్తితో (టెలిస్కోపు ఫోకల్ లెంగ్త్‌ను దాని వ్యాసంతో భాగిస్తే వచ్చేది) గుణించండి. సెన్సర్ నుంచి దుమ్ముకు ఉన్న దూరం వస్తుంది. ఉదాహరణకు 3.76 మైక్రాన్ల పిక్సెళ్లు, ఎఫ్/6 టెలిస్కోపు, 120 పిక్సెళ్ల వలయం: 120 × 3.76 × 6 అంటే సుమారు 2,700 మైక్రాన్లు, అంటే 2.7 మి.మీ. ఆ దుమ్ము సెన్సర్ ముందున్న అద్దం దగ్గరే ఉంది. అదే వలయం 700 పిక్సెళ్లు ఉంటే దూరం దాదాపు 16 మి.మీ. అప్పుడు ముందు ఫిల్టర్ తీసి చూడండి, కెమెరా లోపల చేయి పెట్టొద్దు.

తుడిచే పని బ్లోయర్‌తోనే మొదలుపెట్టండి, కెమెరా మూతి నేల వైపు ఉండాలి. చుట్టూ కట్టడాలు జరుగుతున్న మన మేడల మీద కాకుండా, స్నానాల గదిలో వేడినీళ్లు కాసేపు వదిలి, ఆవిరి పూర్తిగా తగ్గాక అక్కడ చేయడం నా అలవాటు. గాల్లో దుమ్ము అప్పటికి కిందికి దిగి ఉంటుంది.

ప్యానెల్‌ను పాత దిండు గలీబులో పెట్టి నిలువుగా దాచండి. వానాకాలం నాలుగు నెలలూ వాడం కాబట్టి లోపలి కాగితాలు తేమకు ముడతలు పడతాయి. అక్టోబరులో మొదటి రాత్రికి ముందు వాటిని తీసేసి కొత్తవి వేసి, తిప్పుడు పరీక్ష ఒకసారి మళ్లీ చేయండి.